మైక్రోనీడ్లింగ్ చేయించుకున్న రాత్రి తలకు ఏం పెట్టాలి, ఎలా పడుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఈ సాయంత్రం ఆరు గంటలకు హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో మొదటిసారి మైక్రోనీడ్లింగ్, అంటే జుట్టు పెరగడానికి నెత్తి మీద సన్నని సూదులతో గుచ్చే చికిత్స, చేయించుకున్నారు. డెర్మా పెన్ అనే, కొసన సూదులుండే పెన్ లాంటి పరికరంతో, 1.5 మిల్లీమీటర్ల లోతులో, ముందు భాగానికీ నడినెత్తికీ చేశారు. ఇప్పుడు మత్తు దిగి మంట మొదలైంది. జుట్టు కోసం రోజూ రాత్రి రాసుకునే మినాక్సిడిల్ మందు ఈ రాత్రి రాయాలో మానాలో తెలియడం లేదు. మీ అమ్మగారేమో కొబ్బరినూనెలో చిటికెడు పసుపు కలిపి రాస్తానంటున్నారు. ఎలా పడుకోవాలో, రేపు తలస్నానం చేయవచ్చో లేదో క్లినిక్‌లో చెప్పారు కానీ టెన్షన్‌లో సరిగ్గా వినలేదు.

ముందు తొందరగా తేల్చాల్సిన మాట చెప్పేస్తాను. ఈ రాత్రి మినాక్సిడిల్ వద్దు. నూనె వద్దు, పసుపు వద్దు, కలబంద గుజ్జు వద్దు. మీ డాక్టర్ ఈ రాత్రికని ప్రత్యేకంగా రాసిచ్చిన మందు ఏదైనా ఉంటే అదొక్కటే వాడండి. అలాంటిది లేకపోతే తలను అలాగే వదిలేయండి. మిగతాదంతా నిదానంగా చదవండి.

నేను పదకొండేళ్లుగా విజయవాడలో చర్మవ్యాధుల క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ప్రొసీజర్ అయినవాళ్లు రాత్రిపూట చేసే ఫోన్లు ఎత్తేది ఎక్కువగా నేనే. తొమ్మిది నుంచి పదకొండు మధ్య వస్తాయి అవి. అన్నం తిని, పక్క వేసుకునే ముందు అద్దంలో తల చూసుకుని భయపడి చేస్తారు. దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఏదైనా రాయనా?" మంట పుడుతుంటే ఏదో ఒకటి రాయాలనిపించడం సహజం. చిన్నప్పటి నుంచి ఏ దెబ్బ తగిలినా ఇంట్లో ఏదో ఒకటి అద్దే పెరిగాం కదా. కానీ ఈ గాయం ఆ గాయం లాంటిది కాదు.

మీ నెత్తి మీద ఇప్పుడు కంటికి ఆననంత సన్నని రంధ్రాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మత్తు క్రీము ప్రభావం ఒకటి రెండు గంటల్లో దిగిపోతుంది కాబట్టి మీకు ఎనిమిది దాటాక మంట తెలిసి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో చాలాసేపు తిరిగి వస్తే నెత్తి ఎలా చురచురలాడుతుందో అలా ఉండటం మామూలే. ఎర్రగా కందడం, ముట్టుకుంటే నొప్పి, చర్మం బిగుసుకున్నట్టు అనిపించడం, అక్కడక్కడ రక్తపు చుక్క ఎండి అంటుకుని ఉండటం, ఇవన్నీ మొదటి రాత్రి కనిపించేవే. తలకు రక్తప్రసరణ ఎక్కువ. అందుకే అక్కడ చిన్న గాయానికే రక్తం బాగా వస్తుంది, అందుకే త్వరగా మానుతుంది కూడా.

ఆ చుక్కలే ఇప్పుడు పని చేస్తున్నాయి. రంధ్రం పడిన చోట రక్తంలోని ప్లేట్‌లెట్లు చేరి గడ్డకట్టి, గాయం మాన్పే పదార్థాలను విడుదల చేస్తాయి. జుట్టు కుదుళ్లను మేల్కొలపాలని మనం ఆశపడేది వాటి మీదే. అంటే ఈ ఎరుపు, ఈ మంట చికిత్సలో భాగం. దాన్ని వెంటనే చల్లార్చాలని చూడకూడదు. దానిలోకి బయటి మురికి చేరకుండా చూసుకుంటే చాలు.

ఈ రంధ్రాలు ఎంతసేపు తెరిచి ఉంటాయి? అట్లాంటాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2011లో దీని మీద మనుషుల్లోనే పరీక్ష చేశారు. సూక్ష్మ సూదులు గుచ్చిన చర్మాన్ని గాలి తగిలేలా వదిలేస్తే రెండు గంటల్లోపే దాని రక్షణ పొర తిరిగి మూసుకుంది. అదే చర్మం మీద గాలి ఆడకుండా కప్పి ఉంచితే మూసుకోవడానికి 3 గంటల నుంచి 40 గంటల వరకు పట్టింది. మీకు చేసినది వాళ్లు గుచ్చినట్టు కొద్దిపాటి సూదులు కాదు, పెన్‌తో ఆ భాగమంతా మళ్లీ మళ్లీ తిప్పారు. అందుకని మేం రెండు గంటలు అనకుండా ఒక పూర్తి రోజు లెక్క వేస్తాం. కానీ ఆ పరీక్షలో తేలిన అసలు సంగతి మీకు ఈ రాత్రంతా పనికొస్తుంది: గాలి ఆడితే త్వరగా మూసుకుంటుంది, కప్పితే తెరిచే ఉంటుంది. నూనె ఒక కప్పు. ప్లాస్టిక్ షవర్ క్యాప్ ఒక కప్పు. బిగుతు టోపీ, తలకు చుట్టిన తువ్వాలు, ముసుగు తన్నిన దుప్పటి, అన్నీ కప్పులే.

ఇప్పుడు మినాక్సిడిల్ సంగతి. మీలాంటివాళ్లు ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే. "రంధ్రాలు తెరిచి ఉన్నాయి కాబట్టి ఇప్పుడు రాస్తే మందు బాగా లోపలికి దిగుతుంది కదా" అని నన్ను చదువుకున్నవాళ్లే అడుగుతారు. దిగుతుంది, నిజమే. అదే ప్రమాదం. మినాక్సిడిల్ మొదట పుట్టింది బీపీ తగ్గించే మాత్రగా. అమెరికాలో 1979లో ఆ మాత్రకు అనుమతి వచ్చింది, జుట్టుకు రాసే ద్రావణం 1988లో వచ్చింది. దెబ్బతినని మామూలు చర్మం మీద రాస్తే అందులో సుమారు 1.4 శాతమే రక్తంలోకి చేరుతుంది. అంత తక్కువ చేరుతుంది కాబట్టే దాన్ని ఇంట్లో రోజూ రాసుకోనిస్తున్నారు. చర్మం నిండా రంధ్రాలున్నప్పుడు ఆ లెక్క పనిచేయదు. గుండె దడ, తల తిరగడం, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం రావచ్చు. పైగా ద్రావణంలో ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటాయి. పచ్చి నెత్తి మీద అవి ఎలా మండుతాయో చెప్పక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్న, దెబ్బతిన్న నెత్తి మీద వాడవద్దని సీసా పెట్టెలోని కాగితం మీద కూడా ఉంటుంది.

ఒక్క రాత్రి మానితే ఫలితం పోతుందేమోనని మీరు భయపడుతున్నారు కాబట్టి ఇంకొక విషయం. మైక్రోనీడ్లింగ్‌కు ఇంత పేరు రావడానికి కారణమైన పరీక్ష మన దేశంలోనే, ముంబైలో జరిగింది. డాక్టర్ రచిత ధురత్ బృందం 2013లో దాన్ని ప్రచురించింది. బట్టతల మొదలైన 100 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 5 శాతం మినాక్సిడిల్ రోజుకు రెండుసార్లు. రెండో జట్టుకు అదే మినాక్సిడిల్‌తో పాటు వారానికి ఒకసారి 1.5 మిల్లీమీటర్ల సూదులుండే రోలర్. 12 వారాల తర్వాత లెక్కపెట్టిన చోట మొదటి జట్టులో సగటున 22 వెంట్రుకలు పెరిగితే, రెండో జట్టులో 91 పెరిగాయి. ఆ రెండో జట్టువాళ్లు కూడా రోలర్ తిప్పిన రోజు మినాక్సిడిల్ ఆపారు. 24 గంటలయ్యాకే మళ్లీ మొదలుపెట్టారు. అంటే అంత మంచి ఫలితం వచ్చింది ఆ విరామంతో కలిపే. ఈ రాత్రి సీసాను అల్మరాలో పెట్టేసి నిశ్చింతగా ఉండండి.

రేపు రాత్రికి 24 గంటలు దాటతాయి. అప్పటికి ఎరుపు తగ్గి, ముట్టుకుంటే మంట లేకపోతే మామూలు మోతాదు, 1 మిల్లీలీటరు, రాయండి. రాసిన వెంటనే భగ్గుమంటే గోరువెచ్చని నీళ్లతో కడిగేసి ఎల్లుండి రాత్రికి వాయిదా వేయండి. చర్మం సున్నితంగా ఉండేవాళ్లకు 48 గంటలు ఆగమనే మా డాక్టర్ కూడా చెబుతారు.

అమ్మగారి నూనె దగ్గరికి వద్దాం. ఆవిడ ప్రేమను కాదనలేక చాలామంది రాయించుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను, ఆవిడకు చదివి వినిపించండి. కొబ్బరినూనె చెడ్డది కాదు. మామూలు రోజుల్లో తలకు మంచిదే. కానీ మన ఇంట్లో నూనె సీసా ఎన్ని చేతులు తాకుతుందో, ఎన్ని నెలలుగా మూత తీస్తూ పెడుతూ ఉన్నామో ఆలోచించండి. అది శుభ్రమైన చర్మం పైన ఉండటం వేరు, రంధ్రాల గుండా చర్మం లోపలికి వెళ్లడం వేరు. పసుపు మరీ జాగ్రత్తగా చూడాల్సినది. డబ్బాలోని వంట పసుపు పొడి సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసినది కాదు. ఆ పొడి రేణువులు రంధ్రాల్లో ఇరుక్కుంటే శరీరం వాటిని పరాయి వస్తువుగానే చూస్తుంది. గుంటగలగరాకు పసరు, మందార ఆకు ముద్ద, ఉల్లిపాయ రసం, నిమ్మరసం, పెరుగు, వేటికైనా ఇదే వర్తిస్తుంది.

ఇది ఉత్త భయం కాదు. 2014లో అమెరికా చర్మవైద్య పత్రిక ఒకటి ముగ్గురు మహిళల గురించి రాసింది. ముఖం మీద సూదుల చికిత్స చేయించుకున్నాక వాళ్లకు గట్టి గట్టి గడ్డలు లేచాయి. అందులో ఇద్దరికి సూదులతో పాటు ఒకే విటమిన్ సి సీరం వాడారు. పైన రాస్తే ఏ హానీ చేయని సీరం, సూది దారిలో లోపలికి దిగాక అలర్జీ అయింది. కంపెనీలో తయారై సీలు వేసి వచ్చిన సీరం సంగతే అది. వంటింటి గిన్నెలో కలిపినదాని గురించి ఇంకేం చెప్పను.

మా క్లినిక్‌కు ఒక అబ్బాయి మూడో రోజు వచ్చాడు. మొదటి రాత్రే కరివేపాకు కాచిన నూనె పట్టించి, పైన తువ్వాలు చుట్టి పడుకున్నాడు. నడినెత్తి నిండా చీముపొక్కులు. వారం రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వాడితే తగ్గింది, మచ్చలు కూడా పడలేదు. కానీ ఆ నెలంతా మినాక్సిడిల్ పెట్టలేకపోయాడు, తర్వాతి సిట్టింగ్ వెనక్కి జరిగింది. వాళ్లమ్మ నా ముందు కన్నీళ్లు పెట్టుకుంది, మంచి చేద్దామనుకుంటే ఇలా అయిందని. మీ అమ్మగారికి ఆ బాధ రాకూడదనే ఇంత చెబుతున్నాను. నూనె ఆవిడ చేతులతోనే రాయించుకోండి, వారం తర్వాత.

ఆవిడ ఈ రాత్రి చేయగలిగిన మేలు ఒకటుంది. ఉతికి ఎండలో ఆరేసిన నూలు దిండు గలీబులు రెండు తీసి ఇవ్వమనండి. మన దిండ్లకు నెలల తరబడి తలనూనె పట్టి ఉంటుంది. గలీబు మార్చినా లోపలి దిండు నూనె వాసన వేస్తుంటే, పైన శుభ్రమైన నూలు తువ్వాలు రెండు మడతలు వేసి పరుచుకోండి. రక్తపు చుక్కలు అంటుతాయి కాబట్టి తెల్లదో లేతరంగుదో అయితే మంచిది, పొద్దున ఎంత అంటిందో, ఏ రంగులో అంటిందో స్పష్టంగా కనిపిస్తుంది. రెండో గలీబు రేపటి రాత్రికి.

పడుకునేటప్పుడు రెండు దిండ్లు పెట్టి తల, భుజాలు కాస్త ఎత్తులో ఉంచండి. వాపు తగ్గుతుంది, నెత్తిలో టకటక కొట్టుకుంటున్నట్టు ఉండే పోటు కూడా తగ్గుతుంది. మీకు ముందు భాగం, నడినెత్తి చేశారు కాబట్టి వెల్లకిలా పడుకుంటే ఆ చోటు దిండుకు తగలదు. పక్కకు తిరిగినా ఫరవాలేదు. బోర్లా మాత్రం వద్దు, నుదురు పై భాగం రాత్రంతా దిండుకు రాసుకుంటుంది. నిద్రలో తిరిగిపోతామని భయపడి మేలుకుని కూర్చోకండి. ఒకసారి దిండుకు తగిలినంత మాత్రాన ఏమీ కాదు.

దుప్పటి భుజాల వరకే. తల మీదుగా ముసుగు తన్ని పడుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, ఈ రెండు రాత్రులు మానండి. చెమట పట్టకుండా చూసుకోండి. చెమటలోని ఉప్పు మంటను రెట్టింపు చేస్తుంది, తడి తల మీద క్రిములు త్వరగా పెరుగుతాయి. ఏసీ ఉంటే 24, 25 మధ్య పెట్టుకోండి. ఫ్యాన్ అయితే సరిగ్గా నెత్తి మీదకు కాకుండా పక్క కాస్త జరుపుకోండి, రెక్కల మీది దుమ్ము రాలి తల మీద పడే ఇళ్లు చాలా చూశాను. కరెంటు పోయి చెమట పడితే తలను తువ్వాలుతో రుద్దకండి. శుభ్రమైన గుడ్డను నుదుటి మీద, మెడ మీద ఒత్తి తుడుచుకోండి, నెత్తిని గాలికి ఆరనివ్వండి.

మంట ఓర్చుకోలేనంతగా ఉంటే మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ చిన్న బాటిల్, స్టెరైల్ గాజుగుడ్డ ప్యాకెట్ తెప్పించుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, గాజుగుడ్డను సెలైన్‌లో తడిపి, పిండి, మంట ఉన్నచోట ఒక నిమిషం ఆనించి తీసేయండి. రుద్దకూడదు. దూది వద్దు, దాని పోగులు జుట్టుకు అంటుకుని పీకేటప్పుడు గాయం రేగుతుంది. ఫ్రిజ్‌లోని ఐసు ముక్క నేరుగా పెట్టకండి. అది కరిగి కారే నీళ్లు శుభ్రమైనవి కావు. స్పిరిట్, డెటాల్ లాంటివి అసలు వద్దు.

నొప్పికి పారాసెటమాల్ 650 మాత్ర ఒకటి అన్నం తిన్నాక వేసుకోవచ్చు, మీకు లివర్ జబ్బు, ఆ మందు పడకపోవడం లాంటివి లేకపోతే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రకం మాత్రలు రెండు మూడు రోజులు వేసుకోవద్దని డాక్టర్లు చెబుతారు. పైన చెప్పానే, గాయం మాన్పే వాపు చికిత్సలో భాగమని, అవి ఆ వాపునే అణచే మందులు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం దాన్ని సొంతంగా ఆపకండి, మీ డాక్టర్‌ను అడగండి. మద్యం, సిగరెట్ ఈ రాత్రి వద్దు.

తిండి దగ్గర కూడా ఇళ్లలో గొడవే. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురద వస్తుందని పత్యం పెడతారు. పప్పు తినండి, గుడ్డు తినండి. గాయం మానాలన్నా, జుట్టు పెరగాలన్నా మాంసకృత్తులే కావాలి. మీకు ముందు నుంచీ ఏదైనా తింటే దద్దుర్లు వస్తాయని తెలిస్తే అదొక్కటి మానండి, చాలు.

చేతుల సంగతి చెప్పకుండా వదిలితే పైన చెప్పినదంతా వృథా. ఈ రాత్రి మంట, రేపు సాయంత్రం నుంచి దురద. దురద మానుతున్న గుర్తే, కానీ నిద్రలో మన వేళ్లు మన మాట వినవు. పడుకునే ముందు గోళ్లు కత్తిరించుకుని చేతులు కడుక్కోండి. ఎండిన రక్తపు చుక్కలను గోటితో గిల్లకండి, రేపటి స్నానంలో అవే పోతాయి. దువ్వెన వద్దు. ఫొటో తీసుకోవాలనిపిస్తే ఒక్కసారి తీసుకోండి, వెలుతురు బాగున్న చోట. పొద్దున మళ్లీ అదే చోట ఇంకొకటి. ఫోన్లో నాతో మాట్లాడేవాళ్లకు నేను ఇదే చెబుతాను, ఎందుకంటే ఎరుపు పెరిగిందా తగ్గిందా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడి చెబితే అందరికీ పెరిగినట్టే ఉంటుంది.

హెల్మెట్ గురించి మీరు అడగలేదు, కానీ నేను చెప్పి తీరాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయనకు అన్ని జాగ్రత్తలూ చెప్పి పంపాను, ఇంటికి ఎలా వెళతారని అడగలేదు. ఆయన ఏప్రిల్ ఎండలో బండి మీద గుంటూరు వెళ్లారు. నెలల తరబడి ఉతకని హెల్మెట్ లోపలి మెత్త, చెమట, దుమ్ము, గంటసేపు రాపిడి. రెండు రోజుల్లో నుదుటి మీది అంచంతా వాచిపోయి వచ్చారు. తప్పు నాది. అప్పటి నుంచి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఆటోలోనో కారులోనో రమ్మని చెబుతున్నాను. హెల్మెట్ లేకుండా బండి నడపమని ఎవరికీ చెప్పను. రెండు రోజులు బండే తీయకండి. రేపు ఆఫీసుకు తప్పనిసరిగా వెళ్లాలంటే బస్సో, మెట్రోనో, క్యాబో చూసుకోండి. ఎండలో నడవాల్సి వస్తే టోపీ బదులు గొడుగు.

మీ ప్రశ్న చదివే ఆడవాళ్ల కోసం ఒక మాట. పాపిట వెంట చేయించుకున్నవాళ్లు రెండు మూడు రోజులు పాపిట్లో కుంకుమ పెట్టుకోవద్దు. ఆ రంగుపొడి రంధ్రాల్లోకి దిగితే మంట, అలర్జీ రావచ్చు, మరక కూడా నిలిచిపోవచ్చు. నుదుటి మీద కిందగా, సూదులు తగలని చోట స్టిక్కర్ పెట్టుకోండి. పలచగా ఉన్నచోట చల్లుకునే హెయిర్ ఫైబర్ పొడులకూ ఇదే జాగ్రత్త. జుట్టుకు రంగు కనీసం వారం, వీలైతే రెండు వారాలు వాయిదా.

ఇక ఎప్పుడు భయపడాలి? ఈ రాత్రి ఉన్న మంట రేపటికి తగ్గాలి, ఎల్లుండికి ఇంకా తగ్గాలి. అలా తగ్గుతూ వస్తే ఏ ఇబ్బందీ లేదు. తగ్గినట్టే తగ్గి 48 గంటల తర్వాత మళ్లీ పెరిగితే, ఎరుపు సూదులు తగలని చోటికి కూడా పాకితే, పసుపుపచ్చని చీము కనిపిస్తే, రసి కారి జుట్టు అట్టలు కడితే, చెవుల వెనక, మెడ మీద బిళ్లలు కడితే, జ్వరం వస్తే, ఏ ఒక్కటైనా సరే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఫొటో పంపి ఊరుకోవద్దు. పీఆర్పీ ఇంజెక్షన్లు (మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి నెత్తిలోకి ఎక్కించేవి) కూడా చేయించుకున్నవాళ్లకు మర్నాడు నుదురు కాస్త ఉబ్బి, కనురెప్పల దాకా వాపు దిగడం జరుగుతుంది. అది తలెత్తి పడుకుంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఆ వాపుతో పాటు ఎరుపు, వేడి, నొప్పి ఉంటే మాత్రం అది వేరు. మత్తు క్రీముకో మరేదానికో ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదాలు వాచి, ఊపిరి ఆడకపోతే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

షుగర్ అదుపులో లేనివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గాయమైన చోట కండ లేచే తత్వం ఉన్నవాళ్లు, నెత్తి మీద సోరియాసిస్ ఉన్నవాళ్లు ఈ సంగతులు క్లినిక్‌లో ముందే చెప్పి ఉండాలి. చెప్పకపోతే పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. సోరియాసిస్ ఉన్న చర్మం గాయమైన చోటే కొత్త మచ్చలు తేగలదు.

రేపటి తలస్నానం. సాయంత్రం ఆరు దాటాక చేయవచ్చు. ట్యాంకరు నీళ్లో, ఉప్పు బోరు నీళ్లో వచ్చే ఇల్లయితే ఒక బకెట్ మంచినీళ్లు మరగబెట్టి చల్లార్చి పెట్టుకోండి. గోరువెచ్చగా ఉండాలి, వేడి నీళ్లు కాదు. షవర్ ధార నేరుగా నెత్తి మీద కొట్టకుండా చెంబుతో పోసుకోండి. పిల్లలకు వాడే మృదువైన షాంపూ కొద్దిగా చేతిలో నురగ చేసి, వేలి కొసలతో తాకీ తాకనట్టు రాసి కడిగేయండి. శుభ్రమైన తువ్వాలుతో అద్దండి, గాలికి ఆరనివ్వండి. డ్రయ్యర్ వద్దు. చుండ్రు షాంపూ వాడుతుంటే నాలుగు రోజులు ఆగండి. మూడో రోజు సన్నని పొలుసులు రాలతాయి, వాటిని చుండ్రు అనుకుని గీకకండి. కడిగేటప్పుడు నాలుగైదు వెంట్రుకలు చేతికి వస్తే ఊడేవే ఊడాయని అనుకోండి, సూదులు కుదుళ్లను పీకవు. జిమ్ రెండు రోజుల తర్వాత, ఈతకొలను వారం తర్వాత.

ఈ వారంలో పండుగ తలంటు ఉన్నా, తిరుమల మొక్కు ఉన్నా వాయిదా వేయగలిగితే వేయండి. పచ్చి నెత్తి మీద కత్తి పడటం, ఆ వెంటనే చందనం రాయడం, రెండూ ఇప్పుడు మంచివి కావు. మొక్కు ముందు తీర్చుకుని, గుండు గాట్లన్నీ మానాక చికిత్స మొదలుపెట్టినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్లకు ఏ నష్టమూ జరగలేదు.

ఒకటి మిగిలింది. ప్రశ్న చివర "తర్వాతి సిట్టింగ్‌కు డబ్బులెందుకు, ఆన్‌లైన్‌లో రోలర్ కొని నేనూ మా అన్నయ్యా ఇంట్లోనే చేసుకోవచ్చా" అని రాశారు. 1.5 మిల్లీమీటర్ల సూది రక్తం తీస్తుంది. రక్తం అంటిన సూదిని ఇద్దరు వాడటం అంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి లాంటివాటికి తలుపు తీయడమే. అన్నదమ్ములైనా, భార్యాభర్తలైనా, స్పిరిట్‌లో ముంచినా సరే, వద్దు. క్లినిక్‌లో కూడా పెన్‌కు పెట్టే సూదుల కార్ట్రిడ్జ్ మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్ చింపి తీయాలి, వాడాక పారేయాలి. తర్వాతిసారి అది అడిగి చూడండి. అడిగితే విసుక్కునే చోట చేయించుకోవద్దు.

ఇప్పుడు లేచి గోళ్లు తీసుకుని, గలీబు మార్చుకుని, సాయంత్రం క్లినిక్‌లో ఇచ్చిన కాగితం ఎక్కడ పెట్టారో వెతకండి. చొక్కా జేబులోనో, మందుల కవర్‌లోనో ఉంటుంది. అందులో నేను చెప్పినదానికి భిన్నంగా ఏదైనా ఉంటే దాన్నే పాటించండి. మీ తలను చూసింది వాళ్లు, నేను కాదు.